వేడికి ఎర్రబడని పసుపు

పండగ వస్తోందంటే గడపకి పసుపు పెట్టుకోని తెలుగిల్లు వుండదు కదా! పట్నాల్లో రోజూ పసుపు రాసే తీరిక లేక, చాలామంది గడపకి పచ్చని ఎనామిల్ రంగే వేయిస్తున్నారు. పిల్లల బొమ్మలకూ, ప్లాస్టిక్ బకెట్లకూ పసుపు రంగంటే ముద్దే. మరి ఆ పసుపు దేనితో తయారవుతుందో ఎప్పుడైనా ఆలోచించారా?

చాలాకాలం వరకు నిగనిగలాడే పసుపు రంగంటే లెడ్ క్రోమేటే. అంటే సీసం కలిసిన రంగన్నమాట. చవక, మెరుపు ఎక్కువ. కాని సీసం విషం. పెచ్చులూడిన రంగుని పాకే పిల్లలు నోట్లో పెట్టుకుంటే, ఆ సీసం రక్తంలో చేరి మెదడు ఎదుగుదలను దెబ్బ తీస్తుంది. అందుకే మన ప్రభుత్వం 2016లో నియమాలు చేసి, ఇళ్ళకు వాడే రంగుల్లో సీసం పదిలక్షల పాళ్ళలో 90 పాళ్ళు మించరాదని, 2017 నవంబరు నుంచి కట్టడి చేసింది.

సీసం వద్దంటే మరి పసుపు ఎలాగ? ఒక జవాబు ఇనుప తుప్పులో వుంది. నవ్వకండి! ఇనుముకి గాలీ నీరూ తోడైతే తుప్పు పుడుతుంది. అందులో ఎర్ర రకం వుంది, పసుపు రకమూ వుంది. పసుపు రకం తనలో నీటిని రసాయనికంగా ఇముడ్చుకుని వుంటుంది. కర్నూలు ప్రాంతంలో తవ్వే పసుపు మన్నుకి ఆ రంగు దీనివల్లే వచ్చింది. శుద్ధి చేసిన ఈ రంగుని మందుబిళ్ళల పైపూతల్లో కూడా వాడతారు.

అయితే దీనికి వేడి గిట్టదు. సుమారు 180 డిగ్రీలు దాటేసరికి లోపలి నీరు ఆవిరై పోవటం మొదలవుతుంది. నీరు పోతే మిగిలేది ఎర్ర రకమే. కుమ్మరి ఆవంలో పెట్టిన కుండ ఎర్రబడి బయటికి రావటంలోనూ ఇనుము పనే వుంది. ప్లాస్టిక్‌ని కరిగించి బొమ్మలు పోత పోయటానికి 200 డిగ్రీలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ వేడి కావాలి. ఆ వేడికి పచ్చగా వుండవలసిన బొమ్మ ఇటుక రంగుకి తిరుగుతుంది!

దీనికి తోడు మనకింకో కోరిక. టేకు తలుపుకి వార్నిష్ వేస్తే రంగు రావాలి, చెక్క చారలు మాత్రం మరుగు పడకూడదు. అంటే రంగు పారదర్శకంగా వుండాలి. పాలు తెల్లగా కనిపించటానికి కారణం, వాటిలోని వెన్న బిందువులు వెలుగుని చెదరగొట్టటం. అదే నీళ్ళలో కరిగిన పంచదార కంటికి కనిపించదు. రంగు రేణువులు కూడా అంతే. వెలుగు అలకన్న బాగా చిన్నవైతే వెలుగు వాటిని దాటి వెళుతుంది. పైగా ఈ ఇనుప రంగు ఎండలోని అతినీలలోహిత కిరణాలను పీల్చుకుని చెక్కని కాపాడుతుంది కూడాను.

ఇది చేసే పద్ధతి వింటే మీకు వంటిల్లే గుర్తొస్తుంది. పచారీ కొట్లో దొరికే అన్నభేది తెలుసు కదా? దాన్నే ఫెర్రస్ సల్ఫేట్ అంటారు. గర్భిణులకిచ్చే ఐరన్ బిళ్ళల్లోనూ వుంటుంది. దాన్ని నీళ్ళలో కరిగించి సోడా ద్రావణం కలిపితే, ఆకుపచ్చని ముద్దలాంటిది ఏర్పడుతుంది. అందులోకి గాలి పంపుతూ పోతే క్రమంగా పసుపు రంగుకి తిరుగుతుంది. వేడి హెచ్చితే రేణువులు పెద్దవవుతాయి, లేదా నల్లని రకం పుట్టుకొస్తుంది. కాబట్టి వేడి మితంగా వుంచాలి. తర్వాత బియ్యం కడిగినట్టు పదేపదే కడిగి, ఉప్పంతా వదిలించాలి.

వేడికి తట్టుకునే కిటుకు వేయటం ఇక్కడే. తడిగా వున్నప్పుడే సోడియం సిలికేటు, పటిక జాతి అల్యూమినియం లవణం కలిపి, పులుపూ క్షారమూ సరిచూస్తే, ఒక్కొక్క రేణువు మీదా పల్చని పూత పడుతుంది. చేదు మాత్రకి పంచదార పూత వేసినట్టన్నమాట! ఈ పూత లోపలి నీటిని త్వరగా పోనివ్వదు. పూత చక్కగా పడితే 240 డిగ్రీల దాకా పసుపు నిలుస్తుంది. ఎండబెట్టాక వేద్దామంటే కుదరదు. అప్పటికే రేణువులు రవ్వ ఉండ కట్టినట్టు ఉండలు కడతాయి, పారదర్శకత పోతుంది.

అంతకు మించిన వేడి కావాలంటే ఇనుముతో జింకు కలిపి కాల్చి, అసలు నీరే లేని రకం చేస్తారు. నీరు లేదు కనక పోయేదీ లేదు. కాని కాల్చేటప్పుడు రేణువులు పెరిగి పారదర్శకత తగ్గకుండా చూసుకోవటం కష్టం.

ఇన్ని చేసినా ఇనుప పసుపు నిమ్మపండులా మెరవదు. ఆవపిండి రంగులో, కాస్త మట్టి ఛాయతో వుంటుంది. ఆ మెరుపు తక్కువని చిన్నచూపు చూడకండి. రంగు కొనేటప్పుడు డబ్బా మీద సీసం గురించి ఏం రాశారో చదవండి. 2021 జనవరి నుంచి బొమ్మలకి ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి చేశారు కనక అదీ చూడండి. పాత పసుపు రంగుని గీకించవలసి వస్తే పొడిగా గీకనివ్వక, తడిపి గీకించండి. ఆ సమయంలో పిల్లల్ని పక్కింటికి పంపెయ్యండి. పిల్లలున్న ఇంటికి మెరిసే పసుపుకన్న హాని చెయ్యని పసుపే శుభం.