ఈత మనకోసం... నవ్వు వాళ్లకోసం!

విదేశంలో సెలవులు. కొన్నాళ్లు కడలి అడుగున చేపలతో చెలిమి. మిగతా రోజులు... విపత్తులో ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్న ఊళ్లలో పిల్లల్ని నవ్వించడం. వినడానికి బాగుంది. చేయడానికి?

వాల్మీకిపురంలో... అదే, పెద్దవాళ్ల నోట ఇంకా వాయల్పాడులో, 'ఈత ఎక్కడ నేర్చుకున్నారు?' అని అడిగి చూడండి. ఏదో ఒక బావి పేరు చెబుతారు. నడుముకి ఎండు సొరబుర్ర కట్టుకోవడం, ఎవరో వెనకనుంచి తొయ్యడం, గుటకలు మింగుతూ తేలడం! ఇప్పుడా బావులు చాలావరకూ అడుగంటాయి. సముద్రమంటారా, తిరుపతి దాటి ఇంకా ఎంతో దూరం పోవాలి.

అయినా ఈ చుట్టుపక్కల ఊళ్లనుంచి బెంగళూరు వెళ్లి ఉద్యోగాలు చేసే కుర్రకారుకి స్కూబా డైవింగ్ ఇప్పుడు కొత్త మాటేం కాదు. పుదుచ్చేరి, మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణి, విశాఖలో రుషికొండ, అండమాన్... అక్కడ మొదలైన సరదా థాయిలాండ్, ఇండోనేషియాల దాకా తీసుకెళ్తుంది. ఆ దీవులు ఎంత అందమైనవో, సునామీలకూ భూకంపాలకూ అంత దగ్గరివి. అక్కడికి వెళ్లినప్పుడు సరదాతోపాటు ఇంకేమైనా చేయొచ్చా?

నవ్వు కరవైన చోట...

1993. యుగోస్లావియా ముక్కలై యుద్ధం సాగుతున్న రోజులు. క్రొయేషియాలోని శరణార్థి శిబిరాల్లో పిల్లలకి తిండి, దుప్పట్లు అందుతున్నాయి. అయినా తాము ఏదో పోగొట్టుకున్నామన్నారట వాళ్లు. అది నవ్వు! ఆ మాట స్పెయిన్‌లోని బార్సిలోనాకి చేరింది. టోర్టెల్ పోల్ట్రోనా అనే సర్కస్ జోకర్ ఎర్రముక్కు పెట్టుకుని శిబిరానికి వెళ్లి ఆడాడు. అలా పుట్టిందే 'క్లౌన్స్ వితవుట్ బోర్డర్స్'. ఇప్పుడు చాలా దేశాల్లో దాని శాఖలున్నాయి. సభ్యులు ఎక్కువగా వృత్తి కళాకారులే. మూకాభినయం, గారడీ, కిందపడి లేవడం... భాష అక్కర్లేని ఆటలే వాళ్ల బలం.

కేతిగాడు ఉన్నాడుగా!

కష్టకాలంలో కళాకారులు కదలడం మనకీ తెలుసు. 1952లో రాయలసీమ కరవుకీ, 1977 నవంబరు 19న దివిసీమను ముంచేసిన ఉప్పెనకీ ఎన్టీఆర్ వంటి తారలు జనంలోకి వచ్చి విరాళాలు పోగుచేశారు. దివిసీమ కోసం ఏఎన్నార్ కూడా ఆయనతో కలిసి తిరిగారు. అది బాధితుల కోసం చేసిన పని. బాధితుల ముందే కూర్చుని వాళ్లను నవ్వించడం ఇంకొక పని. దానికీ మన దగ్గర సరంజామా ఉంది.

వాల్మీకిపురం మీదుగా పోయే పాకాల-ధర్మవరం రైలెక్కితే చివరి స్టేషన్ ధర్మవరం. దానికి దగ్గర్లోనే నిమ్మలకుంట. తోలుబొమ్మలకు పేరుపడ్డ ఊరు. అక్కడి కళాకారుడు దళవాయి చలపతిరావుకి 2020లో పద్మశ్రీ వచ్చింది. రామాయణం ఎంత గంభీరంగా సాగుతున్నా మధ్యలో కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క తెరమీదికొచ్చి పొట్టచెక్కలు చేస్తారు. ఇండోనేషియాలోని జావా, బాలి దీవుల్లోనూ తోలుబొమ్మలాట ఉంది. 'వయాంగ్' అంటారు. అక్కడా రామాయణ, భారత కథలే. జావా ఆటలో మధ్యలో నవ్వించడానికి సెమార్, అతని కొడుకులు! మన కేతిగాడు అక్కడ తెరమీదికొస్తే పరిచయం చేయాల్సిన పనే ఉండదు.

నీళ్ల కింద సాయం

స్కూబాకీ విపత్తులకీ ఏమిటి సంబంధం? చాలానే ఉంది. 2004 డిసెంబరు 26నాటి సునామీ పద్నాలుగు దేశాల్లో రెండు లక్షలమందికి పైగా బలితీసుకుంది. థాయిలాండ్‌లోని ఫీఫీ దీవిలో ఇళ్లూ దుకాణాలూ విరిగి సముద్రంలో పడ్డాయి. వివిధ దేశాల డైవర్లు స్వచ్ఛందంగా వచ్చి ఆ శిథిలాలను పైకి తీశారు. 2013 నవంబరులో హైయాన్ తుపాను ఫిలిప్పీన్స్‌లో ఆరు వేలమందికి పైగా ప్రాణాలు తీసింది. థ్రెషర్ సొరచేపలను చూపించి బతికే మలపాస్కువా దీవి ఇళ్లు కూలి కుదేలైంది. 2018 ఆగస్టులో ఇండోనేషియాలోని లోంబోక్‌లో వచ్చిన భూకంపానికి 500 మందికి పైగా చనిపోయారు. పక్కనే ఉన్న గిలి దీవులనుంచి పర్యాటకుల్ని పడవల్లో తరలించారు. ఇలాంటి చోట్ల పడవవాడికీ, వంటమనిషికీ, గది అద్దెకిచ్చేవాడికీ కూడు పెట్టేది డైవింగే. గాయం కాస్త మానాక అక్కడికి వెళ్లి మునగడమూ ఒక రకంగా సాయమే.

ముందు డైవ్... తర్వాతే ఆట

ఓపెన్ వాటర్ కోర్సు మూడు నాలుగు రోజులు. పూర్తిచేస్తే 18 మీటర్ల లోతుదాకా దిగొచ్చు. పది మీటర్లు దిగేసరికే ఒంటిమీద ఒత్తిడి రెట్టింపవుతుంది. కాబట్టి నీళ్లలో ఊపిరి బిగబట్టకూడదు. ఉబ్బసం, చెవి, గుండె సమస్యలుంటే ముందే డాక్టర్ని అడగాలి. లోతులో రక్తంలో కరిగిన నైట్రోజన్ నెమ్మదిగా బయటికి పోవాలి. అందుకే వరసగా డైవ్‌లు చేశాక విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగాలంటారు. 24 అయితే ఇంకా నయం.

విమానమే కాదు, కొండెక్కినా ఇదే జాగ్రత్త. మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తు. హార్సిలీహిల్స్ 1,200 మీటర్లు దాటుతుంది. పొద్దున పుదుచ్చేరిలో మునిగి, సాయంత్రానికల్లా కారులో ఇంటికొచ్చేస్తామంటే కుదరదన్నమాట. లోంబోక్‌లోనూ రింజని కొండమీది ఊళ్లకు వెళ్లాలంటే మధ్యలో ఒకరోజు తీరంలోనే గడపాలి. ఆ ఖాళీలో తీరపు ఊళ్లోనే బొమ్మలాడించొచ్చు. అందుకే ప్రయాణంలో ముందు డైవింగ్, తర్వాత ప్రదర్శనలు పెట్టుకోవడం మేలు.

పిలిస్తేనే వెళ్లాలి!

అసలు మెలిక ఇక్కడుంది. శవాలింకా దొరకని రోజుల్లో ఎర్రముక్కుతో దిగితే అది నవ్వులాటవుతుంది. మొదటి రోజులు సహాయక దళాలవి. నీళ్లు, గూడు, మందు అందాక, ఆ ఊరి బడిగానీ పనిచేస్తున్న సంస్థగానీ రమ్మంటేనే వెళ్లాలి. తిండీ బసా వాళ్లమీద వేయకూడదు. అనుమతి లేకుండా పిల్లల ఫొటోలు తీయకూడదు. అలలను ఎగతాళి చేసే ఆట సునామీ చూసిన పిల్లాడికి నవ్వు తెప్పించదు. ఏ ఆట వద్దో అక్కడి టీచరుని ముందే అడగాలి. కొన్ని దేశాల్లో పర్యాటక వీసామీద ఉచిత సేవ చేసినా తప్పే. అదీ కనుక్కోవాలి.

ఇంకో సులువైన పరీక్ష ఉంది. డైవింగ్ రద్దయిపోయినా ప్రదర్శనకి వెళ్తారా? 'వెళ్తాం' అనగలిగితే బయల్దేరొచ్చు. లేదంటే హాయిగా సెలవులు గడిపి, ఆ డబ్బేదో అక్కడి కళాకారులకే ఇచ్చి రావచ్చు. వాళ్ల పిల్లల్ని వాళ్ల భాషలో నవ్వించగలిగేది వాళ్లే కదా!

సొరబుర్ర కట్టుకుని బావిలో దూకినప్పుడు గట్టుమీద ఎవరో ఒకరు నవ్వుతూ చెయ్యి అందించేవారు. భయం పోయింది అక్కడే. సముద్రమంటే భయపడిపోయిన పిల్లాడికీ కావాల్సింది అలాంటి చెయ్యే!