గుడ్ల లోడుకు గతుకుల దెబ్బ: డీజిల్ కంటే పగిలిన సరకుదే భారం

గోదావరి జిల్లాల కోడిగుడ్లకు కోల్‌కతా పాత గిరాకీ కేంద్రం. తణుకు ప్రాంతంలో ఎత్తిన లోడు హౌరా చేరాలంటే లారీ వెయ్యి కిలోమీటర్లకు పైగా నడవాలి. బేరమంతా కిరాయి మీదనే సాగుతుంది. కాని రోడ్డు పాడైనప్పుడు అసలు నష్టం బయటపడేది సరకు దించుకున్న తర్వాతనే.

జాతీయ రహదారి నునుపుగా ఉన్నా, ఫారం నుంచి రహదారి చేరే దారి, పనులు జరిగే చోట డైవర్షన్లు, వానలకు లేచిపోయిన తారు లోడును కుదిపివేస్తాయి. ఉదాహరణకు 200 కి.మీ. మేర గతుకులుండి, లీటరుకు 4 కి.మీ. ఇచ్చే లారీ 3.5 కి.మీ.కు దిగిందనుకుంటే, 50 లీటర్లకు బదులు 57 లీటర్ల డీజిల్ పడుతుంది. లీటరు 95 రూపాయల చొప్పున అదనపు ఖర్చు 665 రూపాయలు. అదే లారీలో లక్ష గుడ్లుండి, పగుళ్లు నూటికి ఒకటి చొప్పున పెరిగితే పోయేవి 1,000 గుడ్లు. గుడ్డు 5 రూపాయలనుకున్నా నష్టం 5,000 రూపాయలు. టైర్ల అరుగుదల, కమాను కట్టల మరమ్మతు మొదట లారీ యజమాని ఖాతాలో పడి, క్రమేణా కిరాయిలో కలుస్తాయి. గంటకు 50 కి.మీ. వేగం 25కు పడిపోతే ఆ ముక్కలోనే 4 గంటలు ఆలస్యమై, ఉదయపు మార్కెట్ తప్పవచ్చు.

30 గుడ్ల ట్రేలు ఏడు చేర్చి 210 గుడ్ల పెట్టె కడతారు. చక్రం గోతిలో పడినప్పుడు పై వరుసల బరువు అడుగు పెట్టెలపై ఒక్కసారిగా పడుతుంది. వెనుక ఇరుసు దాటిన భాగం మధ్య భాగం కంటే ఎక్కువగా ఎగురుతుంది. ఒక గుడ్డు కారితే అట్ట ట్రే తడిసి మెత్తబడుతుంది, పక్క గుడ్లకూ మరక అంటి ధర తగ్గుతుంది. సన్నని బీట పడినది కారకపోయినా నిలవకు పనికిరాదు. అందువల్ల గట్టి పెట్టెలు అడుగున వేసి, వరుసల మధ్య సందు లేకుండా బిగించడం లాభదాయకం.

పరిహారం విషయంలోనూ జాగ్రత్త అవసరం. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం ప్రకారం, సరకు విలువ ముందుగా రాసిచ్చి అధిక రిస్కు రేటు చెల్లిస్తే తప్ప కామన్ క్యారియర్ బాధ్యత నిర్ణీత పరిమితిని మించదు. దావా వేయదలచినవారు బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల్లోగా నష్టంపై రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. దించిన చోటనే పగుళ్లు లెక్కించి, డ్రైవరు సంతకంతో బిల్టీపై రాయించుకుంటే రుజువు చేతిలో ఉంటుంది. కిరాయిలో కొద్దిపాటి తగ్గింపు కోసం గతుకుల దారి పట్టే లారీని ఎంచుకునేవారు ఈ లెక్క ముందే వేసుకోవడం మంచిది.