ఇండక్షన్ పొయ్యిలో ఉష్ణోగ్రతా సెన్సార్ దోషనిదానం: విశాఖ వాతావరణ నేపథ్యం

వ్యాససంగ్రహం: ఇండక్షన్ పొయ్యి గాజుపలక కింద ఉండే థర్మిస్టర్ బాగున్నదో, చెడినదో తేల్చే పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది. తయారీదారుల పట్టికలు 25 డిగ్రీల సెల్సియస్‌ను ఆధారంగా తీసుకోవడం వల్ల, విశాఖపట్నంలోని ఉక్క, ఉప్పుగాలి, నౌకాశ్రయ ధూళి వల్ల నిర్ధారణలో కలిగే పొరపాట్లు ఇందులో ప్రధానంగా చర్చకు వస్తాయి.

కీలకపదాలు: ఇండక్షన్ పొయ్యి, థర్మిస్టర్, నిరోధం, దోషనిదానం, విశాఖపట్నం.

‘నిదానం’ అనే మాట

ఆయుర్వేదంలో నిదానమంటే రోగకారణాన్ని నిర్ణయించడం. ‘మాధవనిదానం’ ఈ విషయంలో ప్రసిద్ధ గ్రంథం. వాడుక తెలుగులో నిదానమంటే తొందరపడకపోవడం. పొయ్యి మరమ్మతుకు ఈ రెండర్థాలూ అవసరమే. ఇండక్షన్ పొయ్యి కూతపెట్టి, తెరమీద ఒక అక్షరాన్నీ ఒక అంకెనూ చూపి ఆగిపోగానే ‘బోర్డు పోయింది’ అన్న తీర్పు వెలువడుతుంది. బోర్డు ధరకు మరికొంత కలిపితే కొత్త పొయ్యే వస్తుంది కనుక పాతది అటకెక్కుతుంది. అసలు దోషం అగ్గిపుల్ల తలంత గాజుపూసలోనో, దాని తీగల కొసలోనో ఉండి ఉండవచ్చు. ఆ పూస ఖరీదు బోర్డు ఖరీదులో చాలా చిన్న భాగం. అయితే ఇంతకంటె పెద్ద ప్రమాదం దీనికి ఎదురుదిశలో ఉన్నది. సెన్సార్‌ను తప్పించి పొయ్యిని ‘నడిపించడం’ ఆ ప్రమాదం. దాని ప్రసక్తి చివర వస్తుంది.

కొలిమిలో ఒక సూత్రం, వంటింట్లో మరొకటి

1971 జనవరి 20న శంకుస్థాపన జరిగి, 1992 ఆగస్టు 1న జాతికి అంకితమైన విశాఖ ఉక్కు కర్మాగారం ఉన్న ఊరికి వేడిని కొలవడమన్నది పరాయి విద్య కాదు. దాదాపు 1600 డిగ్రీల ద్రవ ఉక్కులో థర్మోకపుల్‌ను ముంచి కొలుస్తారు. రెండు వేర్వేరు లోహాల తీగలను కలిపిన చోటికీ, వాటి చల్లని కొసలకూ మధ్య వేడిలో తేడా ఉంటే స్వల్పమైన వోల్టేజి పుడుతుంది. 1821లో సీబెక్ గుర్తించిన ధర్మమిది. వంటింటి పొయ్యిలోని పూస ఆ జాతికి చెందినది కాదు. అది తనంతట వోల్టేజిని పుట్టించదు, వేడెక్కేకొద్దీ తన నిరోధాన్ని తగ్గించుకుంటుంది. లోహపు తీగ ప్రవర్తనకు ఇది సరిగ్గా విరుద్ధం. 1833లో ఫారడే సిల్వర్ సల్ఫైడ్‌లో ఈ విపరీత ధర్మాన్ని గమనించాడు. నేటి పూసలలో ఉండేవి లోహ ఆక్సైడ్‌ల మిశ్రమాలు.

ఈ ధర్మం నుండి ఒక ముఖ్యమైన విషయం తేలుతుంది. తీగ తెగిపోతే నిరోధం అనంతమవుతుంది. పొయ్యిలోని మైక్రోకంట్రోలర్‌కు అది ‘అతి చల్లదనం’గా తోస్తుంది. అది ఆ మాటను నమ్మితే ఎప్పటికీ వేడిచేస్తూనే ఉంటుంది. తీగలు ఒకదానికొకటి అంటుకుంటే నిరోధం సున్నకు పడి ‘అతి వేడి’గా తోస్తుంది. అందుకే ఈ రెండు కొసలనూ నిజమైన ఉష్ణోగ్రతలుగా కాక, దోషాలుగా గుర్తించేటట్లు ప్రోగ్రాం రాస్తారు. మరమ్మతు దుకాణంలో మొదటిదానిని ‘ఓపెన్’ అనీ, రెండవదానిని ‘షార్ట్’ అనీ అంటారు. పాఠ్యపుస్తకంలోని ‘నిరోధం’ అక్కడ ఎవరి నోటా వినిపించదు. ‘సెన్సార్ ఓపెన్ అయింది’ అన్నప్పుడు, ఏదో మూత తెరుచుకున్నదని గృహిణి భావిస్తే ఆమె తప్పు కాదు.

25 డిగ్రీల చిక్కు

పొయ్యిలో సాధారణంగా రెండు సెన్సార్లుంటాయి. ఒకటి రాగిచుట్ట నడుమ గాజుపలకకు ఆనుకొని ఉంటుంది. రెండవది విద్యుత్తును వేగంగా స్విచ్ చేసే ట్రాన్సిస్టర్ దగ్గర, దాన్ని చల్లార్చే అల్యూమినియం రెక్కలను అంటి ఉంటుంది. తెరమీది సంకేతం వీటిలో దేనికి సంబంధించినదో ఆ నమూనా పుస్తకం చూసే తెలుసుకోవాలి. ఒక కంపెనీ సంకేతానికి ఇంకొక కంపెనీలో అర్థం వేరు.

గాజుపలక కింది పూసకు ఎక్కువగా కనిపించే విలువ 25 డిగ్రీల వద్ద 100 కిలో ఓమ్‌లు. నేర్చుకునేవారు ఈ అంకెను కంఠస్థం చేస్తారు, దానికి ముందున్న ‘25 డిగ్రీల వద్ద’ అన్న షరతును మరచిపోతారు. విశాఖలో వేసవి మధ్యాహ్నం గది 35 డిగ్రీలున్నప్పుడు, బీటా విలువ 3950 గల పూస నిరోధం లెక్క ప్రకారం సుమారు 65 కిలో ఓమ్‌లు. మీటరు మీద 65 చూసి ‘మూడో వంతు పడిపోయింది’ అని దాన్ని పారవేస్తే, ఆరోగ్యవంతుణ్ణి రోగిగా నిర్ధారించినట్లే. వేళ్ల మధ్య పూసను పట్టుకొని మార్పు చూడమన్న ప్రసిద్ధ చిట్కా కూడా ఆ మధ్యాహ్నం పనిచేయదు. గది, వేలు ఇంచుమించు ఒకే వేడిలో ఉంటాయి కనుక అంకె కదలదు. పూసను పలుచని ప్లాస్టిక్ సంచిలో ఉంచి మంచునీటిలో ముంచడం మేలు. నిరోధం మూడు లక్షల ఓమ్‌లు దాటాలి. తరువాత గోరువెచ్చని నీటిలో పెడితే, 50 డిగ్రీల వద్ద సుమారు 36 కిలో ఓమ్‌లకు దిగాలి. ఎక్కడా గెంతకుండా నున్నగా దిగిందా అన్నది అంకె కంటె ముఖ్యం. తీగను మెల్లగా అటూఇటూ వంచినప్పుడు అంకె ఎగిరిపడితే దోషం పూసలో కాదు, తీగలో ఉన్నది.

ఈ కొలతకు ముందు పొయ్యి ప్లగ్ తీసి కొన్ని నిమిషాలు ఆగాలి. లోపలి కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైబడిన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. మూత తెరవడం విద్యుత్ పని తెలిసినవారి వంతు. సెన్సార్ తీగను బోర్డునుండి ఊడదీసే కొలవాలి. లేకపోతే బోర్డు మీది రెసిస్టర్ కూడా లెక్కలో చేరి అబద్ధం చెబుతుంది.

ఉప్పు, తేమ, ధూళి

పూర్తిగా తెగిన సెన్సార్‌ను పట్టుకోవడం తేలిక. సగం చెడినదే మోసం చేస్తుంది. సముద్రపు గాలిలోని ఉప్పుతేమకు కనెక్టర్ కాళ్లు పాచిరంగు పట్టి, అక్కడ 20 కిలో ఓమ్‌ల అదనపు నిరోధం చేరిందనుకుందాం. గది 30 డిగ్రీలున్నప్పుడు పూస 80, తుప్పు 20, మొత్తం 100. పొయ్యి దాన్ని 25 డిగ్రీలుగా చదువుతుంది. అయిదు డిగ్రీల తేడాను ఎవరూ పట్టించుకోరు. పలక 100 డిగ్రీలకు చేరినప్పుడు పూస నిరోధం 7 కిలో ఓమ్‌లే. తుప్పుతో కలిపి 27 అవుతుంది. అప్పుడు పొయ్యి లెక్కలో ఉష్ణోగ్రత 58 డిగ్రీలు మాత్రమే. చల్లగా ఉన్నప్పుడు కనబడని దోషం, వేడెక్కాక నలభై డిగ్రీలకు పైగా తప్పు చెబుతుంది. బాణలిలో నూనె పొగలు కక్కినా పొయ్యి ఆగకపోవడానికి ఇదొక కారణం.

తేమ బోర్డు మీద సన్నని దారి ఏర్పరిస్తే జరిగేది దీనికి తలక్రిందులు. ఆ దారి నిరోధం 5 కిలో ఓమ్‌లయితే, 30 డిగ్రీల పొయ్యి తాను 110 దాటినట్లు భ్రమపడి మొదలుకాకముందే ఆగిపోతుంది. ఉదయం మొరాయించి, ఎండ ముదిరి తేమ ఆరాక మామూలుగా పనిచేసే పొయ్యిలో ముందుగా అనుమానించవలసింది దీనినే. పొయ్యిలోని ఫ్యాన్ అడుగునుండి గాలిని లాగుతుంది, గాలితోపాటు ధూళినీ లాగుతుంది. నౌకాశ్రయానికి దగ్గరగా ఉన్న పాతనగర ప్రాంతాలవారు బొగ్గు, ఇనుప ఖనిజాల ధూళి గురించి చాలాకాలంగా మొరపెట్టుకుంటున్నారు. పోపు నూనె ఆవిరితో కలిసి జిగటగా పేరుకున్న ఈ పొర తేమను పట్టి ఉంచుతుంది. ఫ్యాన్ రెక్కలు పూడుకుపోతే ట్రాన్సిస్టర్ నిజంగానే వేడెక్కుతుంది. అప్పుడు సెన్సార్ చెప్పేది సత్యమే. నిజం చెప్పినదానిని మార్చి ప్రయోజనం లేదు. కనుక శుభ్రపరచి, ఆరబెట్టి, మళ్లీ చూడటం మొదటి పని.

ఇంకొక స్థితిలో పూస, తీగ, బోర్డు మూడూ బాగుంటాయి. పూసకూ గాజుకూ నడుమ ఉండే తెల్లని లేపనం ఎండి రాలి, మధ్య గాలి చేరుతుంది. వేడి ఆలస్యంగా అందుతుంది. మీటరు ఏ తప్పూ చూపదు. పలక ఎత్తినప్పుడు కంటితో చూడవలసినదే.

బోర్డు మీద అనుమానం మిగిలితే, సెన్సార్ స్థానంలో 100 కిలో ఓమ్‌ల మామూలు రెసిస్టర్ పెట్టి, గిన్నె పెట్టకుండా, కొన్ని క్షణాలు మాత్రం ఆన్ చేసి చూస్తారు. సెన్సార్ సంకేతం మాయమైతే బోర్డు నిర్దోషి. ఈ పరీక్షనే కొందరు మరమ్మతుగా మార్చి, రెసిస్టర్‌ను అక్కడే వదిలేస్తారు. పొయ్యి వెలుగుతుంది, సంకేతం రాదు, ఇంటివారు సంతోషిస్తారు. ఇక ఆ పొయ్యికి ఎప్పుడూ 25 డిగ్రీలే. స్థిరమైన విలువను పసిగట్టి ఆగే నమూనాలు కొన్ని ఉన్నాయిగాని, అన్నిటిలో ఆ ఏర్పాటు ఉందని నమ్మరాదు. పొయ్యిమీద నూనె పెట్టి ఫోన్ మాట్లాడటానికి పక్కగదికి వెళ్లిన మనిషికి, నూనె అంటుకోకముందే పొయ్యిని ఆపేది ఆ పూస ఒక్కటే. మరమ్మతు చేయించినవారు పాత పూసను చూపమని, కొత్తది ఎక్కడ బిగించారో చూపమని అడగడం అమర్యాద కాదు. కొత్త పూస బిగించాక లేపనం పూసి, పలక సరిగా ఆనిందో లేదో చూసి, అడుగు చదునుగా ఉన్న గిన్నెలో నీళ్లు మరిగించి, పొయ్యి చల్లారాక మరొకసారి మీటరు పెట్టి గది ఉష్ణోగ్రతకు తగిన నిరోధం వచ్చిందని నిర్ధారించుకోవాలి.