రోజుకో మిల్లీమీటరు

మోకాలి కింది నుంచి చీలమండ దాకా ఇనుప రింగులు, వాటిని కలుపుతూ మర ఉన్న కడ్డీలు. ఒక్కో రింగు నుంచి సైకిలు చక్రం పుల్లల్లాంటి సన్నటి తీగలు ఎముకలోంచి దూసుకుపోయి అవతలి వైపు బిగుసుకుని ఉంటాయి. చూసేవాళ్లకు ఒళ్లు జలదరిస్తుంది. రోగి మాత్రం ఆ కాలి మీదే లేచి నడుస్తాడు.

ఈ పరికరం సైబీరియాలోని కుర్గాన్ ప్రాంతంలో పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధంలో దెబ్బతిన్న కాళ్లు ఏళ్ల తరబడి మానక కుంటుతున్న సైనికులు అప్పట్లో చాలామంది. పిండికట్టు వేస్తే కండ కరిగిపోయేది, కీళ్లు బిగుసుకుపోయేవి. 1944లో వైద్యవిద్య ముగించి అక్కడి పల్లె ఆసుపత్రిలో చేరిన గావ్రిల్ ఇలిజరోవ్, 1950ల మొదట్లో దీనికి రూపమిచ్చారు. తీగలు ఎముకను పక్కకు జరగనివ్వవు, అడుగు వేసినప్పుడు మాత్రం కాస్త పైకీ కిందకీ ఊగనిస్తాయి. ఆ చిన్న ఊపే ఎముక అతుక్కోవడానికి సాయం.

అసలు అద్భుతం తర్వాత బయటపడింది. ఒక రోగి నట్లను దగ్గరకు బిగించాల్సింది పోయి దూరంగా తిప్పాడనీ, ఎముక ముక్కల మధ్య ఏర్పడిన ఖాళీలో కొత్త ఎముక కనిపించిందనీ చెబుతారు. నిదానంగా లాగితే ఎముక పెరుగుతుంది! ఎముకతో పాటు కండ, నరం, రక్తనాళం, చర్మం కూడా.

ఎంత నిదానంగా? కుక్కల మీద ప్రయోగాల్లో రోజుకు అర మిల్లీమీటరు లాగితే ఖాళీ తరచూ ముందే గట్టిపడిపోయింది. రెండు మిల్లీమీటర్లయితే చుట్టూ ఉన్న కణజాలం ఓర్చుకోలేకపోయింది. ఒక మిల్లీమీటరు సరిపోయింది. కడ్డీ మీది మరకు ఒక పూర్తి చుట్టు అంటే ఒక మిల్లీమీటరే. అందుకే రోగి చేతికి స్పానర్ ఇచ్చి, ఆరు గంటలకోసారి పావు చుట్టు తిప్పుకోమంటారు. ఆపరేషన్ చేసేది డాక్టరే అయినా, కాలిని పెంచుకునేది రోగే.

1964 టోక్యో ఒలింపిక్స్ హైజంప్ విజేత వాలెరీ బ్రూమెల్ మరుసటి ఏడాదే మోటార్‌సైకిల్ ప్రమాదంలో కాలు నుజ్జు చేసుకున్నాడు. ఎన్నో ఆపరేషన్ల తర్వాత 1968లో కుర్గాన్‌లో ఇలిజరోవ్ దగ్గరకు చేరి, మళ్లీ రెండు మీటర్లకు పైగా దూకాడు. ఇటలీ పర్వతారోహకుడు కార్లో మౌరీ 1980లో అక్కడికే వెళ్లి పాత గాయం నయం చేయించుకున్నాడు. ఆ కాలిని చూసిన ఇటలీ డాక్టర్లు 1981లో ఇలిజరోవ్‌ను పిలిపించుకున్నారు. పశ్చిమ దేశాలకు తలుపు అలా తెరుచుకుంది.

నాలుగు సెంటీమీటర్లు పెంచాలంటే లాగడం నలభై రోజుల్లో అయిపోతుంది. రింగులు అప్పుడే తీయరు. ఎక్స్‌రేలో మబ్బులా కనిపించే కొత్త ఎముక ముదిరి గట్టిపడేదాకా, ఇంకా నెలల పాటు, తీగలు దిగిన చోటల్లా రోజూ శుభ్రం చేసుకుంటూ ఆ కాలి మీదే నడవాలి.