వాన మన మీద.. గోల పక్కోడిది

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖని ఊడ్చేసింది. ముందు రాత్రి, కరెంటు ఇంకా ఉండగానే, మా ఇంట్లో టీవీ బొమ్మ గళ్లుగళ్లుగా విరిగి ఆగిపోయింది. తుపాను ఎక్కడుందో తెలియాల్సిన టైములోనే వార్తలు బంద్. "డిష్ పాడైపోనాదేటి?" అన్నాడు పక్కింటాయన. డిష్ బాగానే ఉంది. మధ్యలో వానుంది.

నేను ఇంజినీరుని కాను. అప్పట్నుంచి దొరికింది చదివి, అర్థమైంది సెప్తన్నాను.

టీవీ శాటిలైట్లు భూమధ్యరేఖ పైన సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. ఇంటి డిష్‌కి వచ్చే కేయూ బ్యాండ్ అల పొడవు రెండున్నర సెంటీమీటర్లు. వాన చినుకు కొన్ని మిల్లీమీటర్లు. అల పొట్టిదయ్యే కొద్దీ చినుకు దాన్ని ఎక్కువ మింగుద్ది, ఎక్కువ చెదరగొడద్ది. పాత పెద్ద డిష్‌ల సీ బ్యాండ్ అల ఏడెనిమిది సెంటీమీటర్లు. దానికి వానంటే అంత లెక్కలేదు. కేఏ బ్యాండ్ అల ఒకటిన్నరే, జడివానంటే దానికి గండమే.

సిగ్నల్ తగ్గడం ఒక్కటే కాదు, పక్కోడి గోల కూడా పెరుగుద్ది. ఎలాగంటే, ఒకే ఫ్రీక్వెన్సీ వాడే శాటిలైట్లు పక్కపక్కనే, రెండు మూడు డిగ్రీల దూరంలో ఉంటాయి. విశాఖ నుంచి ఒక స్టేషన్ తన శాటిలైట్‌కి, అనంతపురం నుంచి ఇంకోటి పక్క శాటిలైట్‌కి సిగ్నల్ పంపుతన్నాయనుకోండి. ఎంత గురిపెట్టినా అనంతపురం సిగ్నల్ కొంత మన శాటిలైట్‌లోకి చిందుద్ది. మామూలు రోజున మనది గట్టిగా ఉంటాది కాబట్టి ఆ చిందు లెక్కలోకి రాదు. ఇక్కడ కుండపోత, అక్కడ ఎండ అయితేనో? మన గొంతు పడిపోద్ది, ఆల్ల గోల అలాగే ఉంటాది. వాడేమీ గట్టిగా అరవలేదు, మన గొంతే తగ్గింది. రెండు చోట్లా ఒకేలా వాన పడితే రెండూ తగ్గుతాయి, ఈ పేచీ అంత ఉండదు.

ఇంకో తంటా ఉంది. ఒకే ఫ్రీక్వెన్సీ మీద రెండు సిగ్నళ్లు పంపుతారు, ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా. పెద్ద చినుకు గుండ్రంగా ఉండదు, ఇడ్లీలా కింద చదునుగా ఉంటాది. గాలికి వాలిన చినుకుల్లోంచి పోతే నిలువుది కొంత అడ్డంలోకి తిరిగిపోద్ది. ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి.

దీనికి మందు లేదా? ఉంది. వానలో పవర్ పెంచుతారు. మరీ పెంచితే మనమే పక్కోడికి గోలవుతాం, అందుకే దానికి హద్దుంది. స్పీడు తగ్గించి, తప్పుల్ని దిద్దుకునే కోడ్ కలుపుతారు. లేదంటే వాన పడని ఇంకో ఊళ్లో రెండో స్టేషన్ పెడతారు.

ఇదంతా మనకెందుకంటే, 2025 జూన్‌లో స్టార్‌లింక్‌కి కేంద్రం లైసెన్సిచ్చింది. టవర్ లేని మన్యం ఊళ్లకి శాటిలైట్ ఇంటర్నెట్ వస్తే మంచిదే. కానీ తుపాను కబురు దాని మీదే వేలాడదీస్తే ఒప్పుకోకూడదు. మత్స్యకారుల బోట్లకి ఇస్రో తయారుచేసిన ట్రాన్స్‌పాండర్ ఎస్ బ్యాండ్‌లో పనిచేస్తాది. దాని అల పది సెంటీమీటర్లు దాటుద్ది, వాన దాన్ని పెద్దగా ఆపలేదు. ఫిషింగ్ హార్బర్ నుంచి కదిలే ప్రతి బోటులో అది ఉండాలి, పనిచెయ్యాలి.

మీ ఊళ్లో శాటిలైట్ పెట్టె బిగించడానికొచ్చిన వాళ్లని మూడే అడగండి. ఏ బ్యాండు? కుండపోతలో ఎంతసేపు ఆగుద్ది? ఆగితే రెండో దారేటి? ఎండ రోజున చూపించిన స్పీడుకి చప్పట్లు కొట్టొద్దు. మనకి కబురు కావాల్సింది వాన రోజునే.