మెడకు కాదు... భుజాలకు!

తెల్లారి కాసేపయింది. నేలపట్టు చెరువులో నీళ్ల మధ్య నిలబడ్డ చెట్లనిండా గూడబాతులే. పిల్లలతో కలిసి గట్టుమీద నిలబడ్డ నాన్న గంటసేపు హుషారుగా బైనాక్యులర్‌లోంచి చూశాడు. తర్వాత మెడ లాగుతోందంటూ దాన్ని తీసి సంచిలో పెట్టేశాడు. సరిగ్గా అప్పుడే పక్క కొమ్మమీంచి లకుముకి పిట్ట బాణంలా నీళ్లలోకి దూకింది. జిప్పు లాగి, పెట్టె మూత తీసి, కళ్లకు పెట్టుకునేసరికి... అలలు తప్ప ఏమీ లేవు.

పక్షుల్ని చూసేవాళ్లకీ కొండలెక్కేవాళ్లకీ ఇది తెలిసిన అనుభవమే. తప్పు బైనాక్యులర్‌ది కాదు, దాన్ని వేలాడదీసిన పట్టీది. వేలు పోసి బైనాక్యులర్ కొనేవాళ్లు కూడా దాంతోపాటు వచ్చిన సన్నటి మెడపట్టీతోనే సరిపెట్టుకుంటారు. దానికి బదులుగా వచ్చిందే ఛాతీ హార్నెస్.

బరువంతా ఎక్కడ?

పక్షుల్ని చూసేందుకు ఎక్కువమంది వాడేది 8×42 రకం. అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుంది, ముందు లెన్సు వ్యాసం 42 మిల్లీమీటర్లు. దాని బరువు సాధారణంగా 600 నుంచి 800 గ్రాములు. చేత్తో పట్టుకుంటే ఇంతేనా అనిపిస్తుంది. పూటంతా మెడ వెనక వేలాడితే తెలుస్తుంది దాని సంగతి!

నడుస్తుంటే అది ఊగుతూ ఛాతీకి కొట్టుకుంటుంది. వంగితే బండకు తగులుతుంది. గట్టి దెబ్బ తగిలితే లోపలి పట్టకాలు పక్కకు జరుగుతాయి. ఇక రెండు కళ్లకూ ఒకే బొమ్మ కనిపించదు. చూసిన కాసేపటికే తలనొప్పి మొదలవుతుంది.

మోతబరువులు ఎత్తేవాళ్లను చూడండి. కావడి అయినా మూట అయినా భుజంమీదికే వెళుతుంది గానీ మెడమీద వేలాడదు. హార్నెస్ కిటుకూ అదే. పట్టీలు రెండు భుజాలమీంచి వెళ్లి వీపుమీద అడ్డంగా కలుస్తాయి. బరువు భుజాలకూ వీపుకూ పంచుకుపోతుంది. బైనాక్యులర్ ఊగకుండా ఛాతీకి ఆనుకుని ఉంటుంది.

రెండు రకాలు

మొదటిది ఉత్త పట్టీలది. తేలిగ్గా ఉంటుంది, గాలి ఆడుతుంది, ధరా తక్కువే. పైకెత్తితే బైనాక్యులర్ పట్టీల వెంట జారుతూ కళ్లదాకా వస్తుంది. చెరువుగట్లమీదా, చెమటలు కక్కించే మన ఎండల్లోనూ ఇదే హాయి.

రెండోది మూత ఉన్న సంచి. అమెరికా పశ్చిమ కొండల్లో ఎల్క్‌లనూ దుప్పుల్నీ వేటాడేవాళ్లు గంటల తరబడి ఎదుటి వాలును గాలిస్తూ కూర్చుంటారు. వాళ్లలో దీనికి ఆదరణ ఎక్కువ. మనదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. అయినా వేటగాడికి కావలసిందే పక్షిప్రేమికుడికీ కావాలి: చప్పుడు కాకూడదు, చేతికి వెంటనే అందాలి. దుమ్ము దారులకూ ముళ్లపొదలకూ సంచే మేలు. కాకపోతే ఛాతీకి చెమట పడుతుంది. మరీ పెద్దదైతే కొండ దిగేటప్పుడు పాదాలు కనపడవు!

కొనేముందు...

* ఎవరి బైనాక్యులర్ వాళ్లు వెంట తీసుకెళ్లాలి. 42 మిల్లీమీటర్లదానికి కుట్టిన సంచిలో చిన్నది కదులుతుంది, పెద్దది పట్టదు.

* మూత తీసి చూడాలి. అతుక్కునే వెల్‌క్రో అయితే చర్రుమంటుంది, పిట్ట ఎగిరిపోతుంది. అయస్కాంతం మూత నిశ్శబ్దంగా తెరుచుకుంటుంది. కానీ దాని దగ్గర దిక్సూచి, ఫోన్లోని దిక్సూచి కూడా, తప్పు దిక్కు చూపిస్తాయి.

* ఒంటిచేత్తో పదిసార్లు తీసి పెట్టాలి. తర్వాత బూటులేసు కట్టుకుంటున్నట్టు వంగాలి. ముందుకు జారినా, గడ్డానికి తగిలినా పట్టీలు బిగించుకోవాలి. అప్పటికీ కుదరకపోతే అది మనది కాదన్నమాట.

* సంచి రకానికి రెండుపక్కలా రక్షణ తాళ్లు ఉండాలి. చేయి జారినా బైనాక్యులర్ నేలమీద పడదు.

* వీపుసంచి వేసుకునే అలవాటుంటే దాంతో కలిపే చూసుకోవాలి. ముందు హార్నెస్, దానిపైన సంచి. వీపుమీద పట్టీలు కలిసేచోట గట్టి బిళ్ల ఉంటే ఒత్తుకుంటుంది.

* ఆడవాళ్లయితే చున్నీ పట్టీల్లో చిక్కుకోకుండా ముందే ముడేసుకోవడం మంచిది. పిల్లలకు హార్నెస్ అవసరం లేదు. చిన్న బైనాక్యులర్, పొట్టి మెడపట్టీ చాలు.

ఇంటికొచ్చాక

వానలో తడిసిన బైనాక్యులర్‌ను సంచిలోనే వదిలేస్తే లెన్సులకు బూజు పడుతుంది. పట్టిన బూజును వదిలించడం కష్టం, ఒక్కోసారి లెన్సే పాడవుతుంది. అందుకే రాగానే బయటికి తీసి తుడిచి, గాలికి ఆరనివ్వాలి. సంచిని విడిగా ఆరబెట్టాలి. చెమట పట్టిన పట్టీలను అప్పుడప్పుడూ సబ్బునీళ్లతో ఉతకాలి. కొక్కేలు అరిగాయేమో, కుట్లు వదిలాయేమో బయల్దేరేముందే చూసుకోవాలి.

ఇంతచేస్తే ఒరిగేదేమిటంటారా? మెడ నొప్పెట్టదు కాబట్టి బైనాక్యులర్ సంచిలోకి వెళ్లదు. ఎప్పుడూ గుండెల మీదే ఉంటుంది. లకుముకి పిట్ట చెప్పి దూకదు కదా మరి!