వాలుకాళ్ళ బల్ల: ఇంట చేసికొను విధము

బిడ్డ చదువుకొనుటకు ఇంట నొక బల్ల యుండుట మేలని తలిదండ్రుల సమావేశములలో మేము పలుమారు చెప్పియున్నాము. ఆ బల్లను అంగడిలో కొననవసరము లేదు. సెలవుదినములలో తండ్రియు బిడ్డలును గూడి ఇంటి వసారాలోనే దానిని చేసికొనవచ్చును. ఇందు సొమ్ము మిగులుట చిన్న లాభము. పెద్ద లాభము మరియొకటి గలదు.

మన హోసూరు ప్రాంతమున తెలుగు, కన్నడము, తమిళము మూడును వీధిలో వినబడును. బడిలో మేము పుస్తకపు తెలుగును నేర్పగలము. కాని ఉలి, రంపము, చిత్రిక, బరమా, చేవ, కుసి యను మాటలు పాఠ్యపుస్తకమున అరుదు. అవి పని జరుగు చోటనే బ్రతుకును. ఇంట తెలుగుమాటతో పని జరిగిననాడే బిడ్డ నోట తెలుగు నిలుచును. ఉలిని తమిళులును కన్నడిగులును ఇంచుమించుగ ఆ పేరుతోనే పిలుతురు. మూడు భాషల చుట్టరికము కూడ పనివేళ బిడ్డకు సులభముగ తెలియును.

కాళ్ళు వాలుగా నుండుట యేల?

ఏ వస్తువైనను దాని గరిమనాభి నుండి జారవిడిచిన నిలువుగీత కాళ్ళ నడుమనున్న చోట పడినంతవరకు పడిపోదు. కాళ్ళు లోపలికి బిగించి నిటారుగా నిలిపినచో, బిడ్డ అంచుపై మోచేతులు మోపినప్పుడు బల్ల ఒరుగవచ్చును. కాళ్ళను వెలుపలికి వాల్చినచో పాదములు బల్ల అంచులదాక పోవును, నిలకడ పెరుగును. అయితే వాలు మితిమీరరాదు. బరువు కాళ్ళను ఎడముగా నెట్టుచుండును గనుక అతుకులు వదలును. నడచువారి కాలికిని అడ్డము తగులును. ఎత్తున నాలుగు అంగుళములకు ఒక అంగుళము చొప్పున వాల్చుట చాలును.

కొలతలు

పై పలక పొడవు 40, వెడల్పు 24, మందము 1 అంగుళము. దాని క్రింద వెడల్పు పొడుగునా రెండు అడ్డపట్టెలు కావలెను. ఒక్కొక్కటి 20 అంగుళముల పొడవు, 4 అంగుళముల వెడల్పు, 1½ అంగుళముల మందము. పట్టెల క్రింద కాలి నిలువు ఎత్తు 24 అంగుళములు. మొత్తము 26½ అంగుళములగును. బిడ్డ కుర్చీలో కూర్చుండి భుజములు వదలుగా నుంచినప్పుడు మోచేయి బల్ల మట్టమునకు రావలెను. అట్లు రానిచో కాలి ఎత్తును మార్చుకొనవలెను.

నిలువు 24 అయినప్పుడు వాలు 6 అంగుళములు. ఇక కాలి పొడవెంత? ఇది పైథాగరస్ సూత్రమే. 24 వర్గము 576, 6 వర్గము 36, మొత్తము 612. దాని వర్గమూలము ఇంచుమించుగ 24¾. దీనికి కుసికొరకు 1¾, పాదము కోతకు 1 అంగుళము కలిపి, ఒక్కొక్క కాలిని 27½ అంగుళములుగ కోయవలెను. ఈ లెక్కను పెద్ద తరగతి బిడ్డ చేతనే చేయింపుడు. సూత్రము దేనికి పనికివచ్చునో అప్పుడు తెలియును.

పని చేయు క్రమము

బాగుగ ఆరిన, చేవగల టేకు గాని వేప గాని ఎన్నుకొనవలెను. మూడు పలకలను చిత్రిక పట్టి, అంచులకు జిగురు పూసి కలిపి, కదలకుండ బిగించి ఒక దినము వదలవలెను.

అడ్డపట్టెల నడిగీతలు పలక కురచ అంచులకు 5¼ అంగుళముల లోపల నుండవలెను. కాళ్ళ బెజ్జములు ఆ గీతలపై, పొడుగు అంచులకును 5¼ అంగుళముల లోపల రావలెను. అప్పుడు బెజ్జము నుండి బల్ల మూలకు గీచిన గీత సరిగా 45 డిగ్రీలుండును. దీనిని మనము చూపుగీత యందము; ఏలయన, ఆ గీత వెంట చూచినచో కాలు నిటారుగానే కనబడును. కాలు ఈ గీత వెంట 6 అంగుళములు వాలగా, ప్రతి అంచు వైపునకు 4¼ అంగుళములు జరుగును. పాదము అంచుకు ఒక అంగుళము లోపల నిలుచును.

దళసరి అట్టతో 2 అంగుళముల అడుగు, 8 అంగుళముల నిలువు గల లంబకోణ త్రికోణమును కత్తిరింపవలెను. పట్టెను తలక్రిందులుగా నుంచి, త్రికోణమును చూపుగీతపై నిలుపవలెను. దాని నిలువు అంచు మూలవైపున నుండవలెను. ఏటవాలు అంచుకు సమముగ బరమా పట్టి ఒక అంగుళపు బెజ్జము తొలువవలెను. ముందుగా పనికిరాని ముక్కపై తొలిచి చూచుట మంచిది.

కాళ్ళను ఎనిమిది పలకలుగ చెక్కి క్రిందికి సన్నగించవలెను. పైకొసను గుండ్రముగ ఒక అంగుళపు మందమునకు చెక్కుడు, ఇదియే కుసి. కుసి మొదటి అంచును కూడ త్రికోణపు వాలుననే కోయవలెను. కుసికి రంపముతో గాటు పెట్టి, జిగురు పూసి, బెజ్జములో దూర్చి, గాటులో పలుచని కొయ్య చీల కొట్టవలెను. చీల పట్టె నారకు అడ్డముగ నుండవలెను. నార వెంట నున్నచో పట్టె పగులును. మిగిలిన కుసిని పట్టె మట్టమునకు కోయవలెను.

పట్టెలను పై పలకకు జిగురుతో అంటింపరాదు. వానకాలమున తలుపులు బిగుసుకొనుట మనమెరుగుదుము. కొయ్య నార వెంట దాదాపు మారదు. అడ్డముగ ఉబ్బును, తగ్గును. కావున నడుమ మరమేకును గట్టిగా బిగించి, కొసలవద్ద పట్టెలోని రంధ్రములను కోలగా తొలిచి మరమేకులు వేయవలెను. అప్పుడు పలక పగులక కదలుటకు వీలుండును.

చివరకు బల్లను సమమైన నేలపై నిలిపి, కాళ్ళ క్రింద సన్నని ముక్కలుంచి పై పలకను మట్టము చేయవలెను. ఒక కొయ్యముక్కపై పెన్సిలును పడుకోబెట్టి, ఆ ముక్కను నేలపై జరుపుచు ప్రతి కాలి చుట్టును గీత గీయవలెను. ఆ గీత వెంట కోసినచో నాలుగు పాదములును నేలను సరిగా ఆనును.

గరుకు కాగితముతో అంచులు నున్నగ చేసి, అవిసెనూనె పూయవచ్చును. నూనె గుడ్డలను కుప్పగా వేయరాదు. తమంతట తామే అంటుకొనవచ్చును. వాటిని విడివిడిగా ఆరవేయుడు.

రంపము, ఉలి పెద్దల చేతనే యుండవలెను. కొలుచుట, గీత గీయుట, వాలు సరిచూచుట బిడ్డలకు అప్పగింపుడు. ప్రతి పనిముట్టును దాని తెలుగు పేరుతో అడిగి తెప్పించుకొనుడు. ఆ మాటలు బిడ్డ నోట ఆడునట్లు చేయుట మా ఒక్కరివలన కాదు. మీ వసారాలో జరుగవలసిన పని.